చిన్న ఆరోగ్య సంస్థకు కొత్త డైరెక్టర్‌గా వెళ్తున్నారా? అపోహలు - వాస్తవాలు

పాతిక ముప్ఫై మంది సిబ్బంది, ఒక క్లినిక్, కొన్ని ఊళ్లలో ఫీల్డ్ పని, ఇద్దరు ముగ్గురు పెద్ద దాతలు. ఇలాంటి సంస్థలో డైరెక్టర్ మారితే మొదటి దెబ్బ జీతాల మీదో, సంతకాల మీదో పడుతుంది. ఆ వెనకే మందుల కొనుగోలు ఆగుతుంది, బస్సు ఛార్జీలు పెట్టుకుని వచ్చిన రోగి ఉత్త చేతులతో తిరిగి వెళ్తాడు. అలా జరగకూడదు. అందుకే ఈ అపోహలను చేరకముందే వదిలించుకోవాలి.

అపోహ: బ్యాంకులో డబ్బుంది, ఏడాది దాకా ఢోకా లేదు.

వాస్తవం: ఖాతాలో కనిపించేదంతా మీరు వాడుకోగల డబ్బు కాదు. అన్ని ఖాతాల్లో కలిపి 40 లక్షలు ఉన్నాయనుకుందాం. అందులో 28 లక్షలు ఒక కంపెనీ సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత నిధి) కింద క్షయ పరీక్షలకని ఇచ్చింది. 7 లక్షలు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) ఖాతాలోని విదేశీ విరాళం. దాన్ని స్థానిక విరాళాలతో కలపకూడదు, 2020 సవరణ తర్వాత ఇంకో సంస్థకు బదలాయించకూడదు కూడా. ఇక మిగిలింది 5 లక్షలే. ఏ ప్రాజెక్టు బడ్జెట్‌లోనూ పడని జీతాలు, అద్దె, కరెంటు కలిపి నెలకు 2 లక్షల 20 వేలు అవుతుంటే, మీ చేతిలో ఉన్నది రెండు నెలల పైచిలుకు ఊపిరి.

పుస్తకాల్లో కనపడని బాకీలు కూడా ఉంటాయి. వాటిలో పెద్దది గ్రాట్యుటీ, అంటే ఏళ్ల తరబడి పనిచేసి మానేసే ఉద్యోగికి సర్వీసును బట్టి ఇవ్వాల్సిన మొత్తం. పది మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థకు అది వర్తిస్తుంది. లెక్కకు వచ్చే జీతం 26,000 ఉన్న నర్సు పదేళ్ల సర్వీసు తర్వాత మానేస్తే లక్షన్నర ఇవ్వాలి. దాని కోసం విడిగా దాచారా లేదా అని మొదటి వారంలోనే అకౌంటెంట్‌ని అడగండి.

అదే వారంలో ఒక్కో గ్రాంటుకు ఒక్కో వరుస రాయించండి: మంజూరైంది ఎంత, చేతికొచ్చింది ఎంత, ఖర్చయింది ఎంత, ఎప్పటితో ముగుస్తుంది, తర్వాతి విడత రావాలంటే ఏం పంపాలి. చాలామంది దాతలు యుటిలైజేషన్ సర్టిఫికెట్ (ఇచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే పత్రం) అందాకే తర్వాతి విడత వదులుతారు. ఆ సర్టిఫికెట్ నెల ఆలస్యమైతే జీతాలూ ఆలస్యమవుతాయి. ఆ తర్వాత రాబోయే 13 వారాలకు, వారంవారీగా వచ్చేదీ పోయేదీ పట్టిక వేసుకోండి. ఎక్కడ మైనస్‌లోకి వెళ్తుందో అప్పుడే తెలుస్తుంది. ఆ లోటును ఒక ప్రాజెక్టు డబ్బుతో పూడ్చి 'తర్వాత సర్దుదాం' అనుకోవడం అన్నిటికన్నా ప్రమాదం. ఆడిట్‌లో బయటపడితే దాత డబ్బు వెనక్కి అడగొచ్చు. విదేశీ నిధి అయితే రిజిస్ట్రేషన్‌కే ముప్పు.

అపోహ: నియామక పత్రం అందితే బాధ్యత అప్పగింత పూర్తయినట్టే.

వాస్తవం: ఓటీపీలు ఇంకా పాత డైరెక్టర్ ఫోన్‌కే వెళ్తుంటాయి! బ్యాంకు, ఆదాయపు పన్ను పోర్టల్, ఈపీఎఫ్, దర్పణ్ (స్వచ్ఛంద సంస్థల ప్రభుత్వ పోర్టల్), ఎఫ్‌సీఆర్‌ఏ పోర్టల్, ఇవన్నీ ఎవరి నంబరుతో, ఎవరి ఈమెయిల్‌తో, ఎవరి డిజిటల్ సంతకంతో ఉన్నాయో జాబితా రాసుకుని, ఆయన లేదా ఆమె సంస్థలో ఉండగానే మార్పించండి. ముందుగా బోర్డు తీర్మానం కావాలి. అది లేకుండా బ్యాంకు సంతకాలు మార్చదు. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉంటే, ముఖ్య బాధ్యుల జాబితాలో మార్పును 45 రోజుల్లోపు ఎఫ్‌సీ-6ఇ ఫారంలో తెలపాలి. వార్షిక రిటర్ను ఎఫ్‌సీ-4కు గడువు డిసెంబర్ 31. రెన్యువల్ ఐదేళ్లకోసారి. గడువుకు కనీసం నాలుగు నెలల ముందే దరఖాస్తు పెట్టండి.

అపోహ: సీఎస్‌ఆర్ నిధుల్లో మనం ఆఫీసు ఖర్చులకు 5 శాతానికి మించి అడగకూడదు.

వాస్తవం: చిన్న సంస్థలను ఎక్కువగా దెబ్బతీసే అపోహ ఇది. ఆ 5 శాతం పరిమితి కంపెనీ తన సీఎస్‌ఆర్ విభాగం నిర్వహణకు పెట్టుకునే ఖర్చుకు. ప్రాజెక్టు అమలుకు నేరుగా అయ్యే సూపర్‌వైజర్ జీతం, ప్రయాణం, పర్యవేక్షణ అందులోకి రావు. అకౌంటెంట్ సమయంలో మూడో వంతు ఆ ప్రాజెక్టుకే పోతుంటే, ఆ వంతు జీతాన్ని బడ్జెట్‌లో పేరుపెట్టి చూపించండి. అడగడానికి మొహమాటపడితే ఆ భారం మీ సొంత నిధి మీద పడుతుంది.

విదేశీ నిధుల సంగతి వేరు. అక్కడ పరిపాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు. 2020 వరకు అది 50 శాతం. అయితే ఆసుపత్రి డాక్టర్ల జీతాల వంటివి నిబంధనల ప్రకారం పరిపాలనా ఖర్చు కావు. వాటిని పొరపాటున ఆ పద్దులో రాసేసి, పరిమితి దాటిందని కంగారుపడే సంస్థలున్నాయి.

అపోహ: నేను డాక్టర్ని కాను, వైద్యం సంగతి వాళ్లే చూసుకుంటారు.

వాస్తవం: ఏ మందు రాయాలన్నది డాక్టర్ నిర్ణయం. దాత లక్ష్యం చేరడానికి అందులో వేలు పెట్టకూడదు. కానీ ఆ మందు గడువులో ఉందా, సరిగ్గా నిల్వ ఉందా అన్నది డైరెక్టర్ చూడాల్సిన పని. టీకాలు, ఇన్సులిన్ ఉన్న ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఉదయం, సాయంత్రం ఉష్ణోగ్రత రాసే పుస్తకం తెరిచి ఆదివారాల గడులు చూడండి. అవి ఖాళీగా ఉన్నా, అన్ని రోజులూ ఒకే అంకె ఉన్నా, అనుమానించాల్సిందే. జీవవైద్య వ్యర్థాలు పసుపు, ఎరుపు, తెలుపు, నీలం విభాగాల్లో వేరుచేస్తున్నారా, శుద్ధి చేయనివాటిని 48 గంటలు దాటి ఉంచుతున్నారా అన్నది కూడా స్వయంగా వెళ్లి చూడాలి. క్లినిక్ రిజిస్ట్రేషన్ గడువు తేదీని మీ క్యాలెండర్‌లోనే పెట్టుకోండి.

రోగుల గోప్యత కూడా మీ బాధ్యతే. దాతలకు పంపే రిపోర్టులో ఫొటో, ఊరు, జబ్బు మూడూ కలిస్తే మనిషిని ఇట్టే గుర్తుపడతారు. హెచ్ఐవీ స్థితిని రాతపూర్వక సమ్మతి లేకుండా వెల్లడించడాన్ని 2017 చట్టం నిషేధించింది. పేరు మార్చాం కదా అనుకోవద్దు. పల్లెల్లో ముఖం చాలు.

అపోహ: వ్యవస్థాపకులు పూర్తిగా తప్పుకుంటేనే పని సాగుతుంది.

వాస్తవం: చిన్న ఊళ్లలో నమ్మకం వాళ్ల పేరు మీదే ఉంటుంది. కావాల్సిందల్లా అధికారాల పట్టిక: ఎంత మొత్తం దాకా డైరెక్టర్, ఎంత దాటితే కోశాధికారి, ఏది బోర్డుకే వెళ్లాలి, నియామకాలు, తొలగింపులు ఎవరివి. ఒక పేజీ చాలు, బోర్డు ఆమోదంతో. సిబ్బంది ఎవరైనా నేరుగా వ్యవస్థాపకుల ఇంటికి వెళ్లి అనుమతి తెచ్చుకుంటే ఏం చేయాలో కూడా అందులో రాయించండి.

అపోహ: మొదటి నెలలోనే కొత్త కార్యక్రమం ప్రకటించాలి.

వాస్తవం: ఆ నెల ఫీల్డ్ సిబ్బందితో తిరగండి. ఏఎన్ఎంలను, ఆశా కార్యకర్తలను కలవండి, డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్యాధికారి) కార్యాలయానికి వెళ్లి పరిచయం చేసుకోండి. మీ రిపోర్టుల్లోని అంకెలకు, పీహెచ్‌సీ రిజిస్టర్‌లోని అంకెలకు తేడా ఉంటే దాన్ని ముందు తేల్చండి. కొత్త ప్రతిపాదనలో మీరు వాడబోయేది ఆ అంకెలనే.