ఫిర్యాదు 2012లో, తొలగింపు 2024లో

డిజిటల్ పోటీ బిల్లు మళ్లీ చర్చకు వచ్చింది. పెద్ద టెక్ కంపెనీలకు ముందే హద్దులు గీయాలా, తప్పు చేశాక జరిమానా వేస్తే సరిపోతుందా అన్నదే తగవు. నన్నడిగితే దీని గుట్టంతా 2024 మార్చి 1న బయటపడింది.

ఆ శుక్రవారం గూగుల్ పది భారతీయ కంపెనీల యాప్‌లను ప్లే స్టోర్‌ నుంచి తీసేయడం మొదలుపెట్టింది. భారత్ మ్యాట్రిమోనీ, షాదీ, నౌకరీ, కుకు ఎఫ్‌ఎం, మన హైదరాబాద్‌లో పుట్టిన క్వాక్‌క్వాక్ అందులో ఉన్నాయి. ఫోన్లో అప్పటికే ఉన్న యాప్ పనిచేసింది. పిల్లకు సంబంధం చూద్దామని అప్పుడే స్టోర్ తెరిచినవాళ్లకు మాత్రం యాప్ దొరకలేదు. కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ జోక్యం చేసుకున్నాక, మార్చి 5న తిరిగి పెట్టడానికి గూగుల్ ఒప్పుకుంది.

గొడవ కమీషన్‌ది. యాప్‌లో 500 రూపాయల చందా కడితే గూగుల్ వాటా 15 శాతం, అంటే 75 రూపాయలు. డబ్బు కంపెనీ తన సొంత బిల్లింగ్‌తో తీసుకుంటానన్నా 11 శాతం, 55 రూపాయలు ఇవ్వాల్సిందే. యూపీఐ చెల్లింపులపై వ్యాపారి రుసుము 2020 జనవరి నుంచి సున్నా అని గుర్తుంచుకుంటే, ఆ 55 ఎందుకని చిన్న కంపెనీలు అడగడంలో న్యాయం ఉంది. మూడేళ్లు గడువిచ్చామని, రెండు లక్షలకు పైగా భారతీయ డెవలపర్లు ఈ విధానం పాటిస్తున్నారని గూగుల్ వాదన.

అసలు విషయం, ఈ బిల్లింగ్ విధానాన్నే, మార్కెట్లో పోటీ సక్రమంగా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబర్ 25న తప్పుపట్టింది. 936.44 కోట్ల జరిమానా కూడా వేసింది. ఆ తర్వాత పదహారు నెలలకే ఈ తొలగింపు!

ఇంకాస్త వెనక్కి వెళ్తే మరీ బాధ కలుగుతుంది. సెర్చ్ ఫలితాల్లో పక్షపాతం చూపుతోందని 2012లో గూగుల్‌పై కమిషన్ గడప తొక్కింది భారత్ మ్యాట్రిమోనీ నడిపే కంపెనీయే. తీర్పు 2018 ఫిబ్రవరిలో వచ్చింది, జరిమానా 135.86 కోట్లు. ఫిర్యాదుకు ఆరేళ్లు. మరో ఆరేళ్లకు అదే కంపెనీ యాప్‌లు స్టోర్‌లో లేకుండా పోయాయి.

అందుకే జయంత్ సిన్హా నేతృత్వంలోని పార్లమెంటు స్థాయీ సంఘం 2022 డిసెంబర్‌లో ముందస్తు నియమాలు కావాలంది. ముసాయిదా బిల్లు 2024 మార్చి 12న, అంటే యాప్‌ల వివాదం సద్దుమణిగిన వారానికి బయటికొచ్చింది. ఏ కంపెనీలు దీని కిందికి వస్తాయో తేల్చడానికి దేశంలో 4,000 కోట్ల టర్నోవర్, కోటి మంది వినియోగదారులు వంటి కొలతలు పెట్టింది. ఉల్లంఘిస్తే ప్రపంచ టర్నోవర్‌లో 10 శాతం దాకా జరిమానా. ఎదుగుతున్న మన కంపెనీలే ఇందులో ఇరుక్కుంటాయని పరిశ్రమలో కొందరి అభ్యంతరం.

ఈలోగా బిల్లింగ్ కేసులో అప్పిలేట్ ట్రైబ్యునల్ 2025 మార్చిలో తప్పు తప్పేనంటూనే జరిమానాను 216.69 కోట్లకు తగ్గించింది. దానిపై గూగుల్, కమిషన్, స్టార్టప్‌ల సంఘం, ముగ్గురూ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2025 ఆగస్టులో కోర్టు ఆ అప్పీళ్లను విచారణకు తీసుకుంది.