పెనం మీద పొత్రం

మేం బెంగళూరు వచ్చేటప్పుడు మా అమ్మ ఒంగోలు నుంచి సన్నికల్లు కూడా సర్ది పంపింది. మారతహళ్లి ఫ్లాట్‌లో పచ్చడి నూరేది తక్కువే కాబట్టి రాయి బాల్కనీలో ఉండిపోయింది. పొత్రం మాత్రం వంటింట్లోనే ఉంటుంది. ఆదివారం సాయంత్రం మా ఇంట్లో పానీనీ చేసేది దాంతోనే.

ఇటాలియన్‌లో ‘పానె’ అంటే రొట్టె, ‘పానీనో’ అంటే చిన్న రొట్టె, ‘పానీనీ’ దానికి బహువచనం. అక్కడ పానీనో అంటే మధ్యలో ఏదైనా పెట్టిన బన్ను, అంతే. అన్నిటినీ నొక్కి కాల్చరు. నొక్కి కాల్చినవే మన దగ్గర ఆ పేరుతో స్థిరపడ్డాయి. బరువు పెట్టి వండటం మాత్రం ఇటలీకి కొత్త కాదు. టస్కనీలో కోడిని చీల్చి పరిచి, పైన ఇటుక పెట్టి కాలుస్తారు. ‘పొల్లో అల్ మత్తోనె’ అంటారు దాన్ని. మత్తోనె అంటే ఇటుకే.

ఇంతకీ ఆ బరువు ఎందుకు?

నేను మొదటిసారి చేసినప్పుడు పొత్రం లేదు. బ్రెడ్డు మధ్య మందంగా చీజు, టమాటా ముక్కలు పెట్టి పెద్ద మంట మీద కాల్చాను. మూడు నిమిషాలకు అడుగు మాడింది. కోసి చూస్తే లోపల చీజు ముక్క పెట్టింది పెట్టినట్టే ఉంది, అంచులు కూడా కరగలేదు. ఇక్కడ ఒకేసారి రెండు పనులు కావాలి. పైపొర ఎర్రగా కాలాలంటే 140 డిగ్రీలు దాటాలి. లోపల చీజు కరగడానికి 60 డిగ్రీల చుట్టుపక్కల చాలు. ఆ రెండిటి మధ్య ఉన్నది బ్రెడ్డు. దాని ఘనపరిమాణంలో నాలుగింట మూడు వంతులకు పైగా గాలే. గాలి వేడిని సరిగా మోయదు. చలికాలంలో రగ్గు మనల్ని కాపాడేది కూడా పోగుల మధ్య చిక్కుకున్న గాలితోనే. అంటే నేను చీజుకు రెండు వైపులా రగ్గు కప్పి, కింద మంట పెట్టానన్నమాట.

నొక్కితే ఆ రగ్గు పలచబడుతుంది. వేడి ఒక పొరలోంచి అవతలికి చేరడానికి పట్టే సమయం మందంతో పాటు మామూలుగా పెరగదు, మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మందం సగమైతే సమయం దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే కొంచెం నొక్కినా తేడా అంత కనిపిస్తుంది.

రెండో సంగతి దోసెను చూస్తే అర్థమవుతుంది. దోసె పిండి జారుగా ఉంటుంది కాబట్టి పెనాన్ని ప్రతి చోటా అంటుకుని అంతటా ఒకే రంగులో కాలుతుంది. బ్రెడ్డు అలా కాదు. చేత్తో తడిమితే నున్నగా అనిపించినా దగ్గర నుంచి చూస్తే అంతా గుంతలూ మిట్టలూ. మిట్టలు మాత్రమే ఇనుమును తాకుతాయి, అక్కడే నల్లటి మచ్చలు పడతాయి. బరువు పెడితే మిట్టలు అణిగి ఎక్కువ చోట్ల తాకుతుంది. రాసిన నెయ్యో ఆలివ్ నూనో మిగిలిన సందుల్లో గాలిని తోసేసి తను నిండుతుంది. నూనె రాయడం రుచి కోసమే అనుకుంటాం గానీ, వేడిని మోసుకెళ్లే పని కూడా దానిదే. వెన్నలో ఆరో వంతు దాకా నీళ్లూ, కొద్దిగా పాలపదార్థమూ ఉంటాయి. ఆ పాలపదార్థం మంచి వాసనే ఇస్తుంది, కానీ త్వరగా మాడుతుంది. సన్న మంట మీద ఓపిగ్గా చేసేవాళ్లకు వెన్న, లేకపోతే నెయ్యి.

మా పొత్రం మూడు కిలోలు, దాని కింద పెట్టే చిన్న ఇనప పెనం ఒక కిలో. 12 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న బ్రెడ్డు మీద ఈ నాలుగు కిలోలు పెడితే చదరపు సెంటీమీటరుకు 28 గ్రాములు పడుతుంది. ఇది చాలు, ఇంకా ఎక్కువైతే చీజు పక్కల నుంచి కారిపోతుంది. ఆ చిన్న పెనాన్ని ముందే రెండో పొయ్యి మీద వేడి చేస్తాను. అప్పుడు వేడి కింద నుంచీ పై నుంచీ కూడా వస్తుంది. కరెంటు మిషన్ చేసేదీ ఇదే. పొత్రాన్ని మాత్రం నేరుగా మంట మీద పెట్టకండి, రాయి పగిలే ప్రమాదం ఉంది. అంచున్న పెనమైతే అది దొర్లకుండా ఉంటుంది.

ఇక అసలు పేచీ నీళ్లతో. బ్రెడ్డు ఎర్రబడి కమ్మటి వాసన రావడానికి కారణం చక్కెరలకూ అమైనో ఆమ్లాలకూ మధ్య జరిగే చర్య. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లూయీ కామీయ్ మయ్యార్ 1912లో దీన్ని వివరించాడు, ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. పైపొరలో తడి ఉన్నంతసేపూ అది నీళ్లు మరిగే వేడిని దాటి పెద్దగా పైకి పోదు. చెన్నైలో ఆ వేడి 100 డిగ్రీలు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ 97. కుక్కర్ లేకుండా పప్పు ఉడకపెట్టేటప్పుడు ఈ మూడు డిగ్రీలు తెలుస్తాయి, పానీనీకి అంతగా తెలియవు. ఎక్కడైనా తడి ఆరాకే రంగు.

టమాటాలో 95 శాతం దాకా నీళ్లే. ఒక గ్రాము నీటిని గది వేడి నుంచి మరిగేదాకా తీసుకెళ్లడానికి 70 కెలోరీలు చాలు. మరిగిన ఆ గ్రామును ఆవిరి చేయడానికి ఇంకో 540 కావాలి. అంటే చీజుకు చేరాల్సిన వేడినంతా టమాటా రసం మింగేస్తుంది, పైగా బ్రెడ్డును నానబెడుతుంది. దీనికి మందు మనకు తెలిసిందే. మాగాయకు మామిడి ముక్కల్లో ఉప్పేస్తే ఊట దిగుతుంది కదా, అదే. టమాటాను చక్రాల్లా కోసి, గింజలు తీసి, ఉప్పు చల్లి పళ్లెంలో పరిచి పది నిమిషాలు వదిలేయండి. ముక్క చుట్టూ ముందు చిన్న చిన్న చుక్కలు పుడతాయి, అవి కలిసి పళ్లెం అడుగున లేత ఎర్రటి మడుగు కడతాయి. ఆ నీళ్లు రసంలోకి పనికొస్తాయి. ముక్కల్ని గుడ్డతో అద్ది పెట్టుకోవాలి.

ఒకసారి చీజు అయిపోతే మా అమ్మాయి పన్నీరు పెట్టింది. ఎంతసేపు కాల్చినా అది ముక్కలుగానే ఉంది. “అమ్మా, రెండూ పాలే కదా, ఇదెందుకు కరగట్లేదు?” అంది. చాలా మంచి ప్రశ్న. మోజరెల్లాకు పాలను రెనెట్ అనే ఎంజైముతో విరిచి, నెమ్మదిగా పులవనిచ్చి, వేడి నీళ్లలో ముంచి జీళ్లపాకంలా సాగదీస్తారు. అందులో కేసిన్ అనే ప్రోటీన్ పోగుల్ని కాల్షియం అక్కడక్కడా కలిపి ఉంచుతుంది. వేడి తగిలితే ఆ పట్టు సడలి పోగులు ఒకదాని మీద ఒకటి జారతాయి, అదే సాగడం. పన్నీరుకు బాగా కాగిన పాలలో నిమ్మరసం పిండుతాం. ఆ పులుపుకు కాల్షియం విరుగు తేటలోకి పోతుంది, ప్రోటీన్లు నేరుగా ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. వేడి చేసేకొద్దీ ఆ పట్టు ఇంకా బిగుస్తుంది, అందుకే పన్నీరు కరగడానికి బదులు గట్టిపడుతుంది. ఇప్పుడు మేం రెండూ పెడుతున్నాం. పన్నీరు నమలడానికి, చీజు అతకడానికి.

బ్రెడ్డు విషయంలో నాకో గట్టి అభిప్రాయం ఉంది. పానీనీకి చాలామంది వాడే చాబాట్టా పాతకాలపు రొట్టె కాదు. వెనెటో ప్రాంతంలోని ఆద్రియా ఊళ్లో ఆర్నాల్దో కవల్లారి 1982లో తయారుచేసింది. పిండిలో నీళ్లు ఎక్కువ పోస్తారు కాబట్టి లోపల పెద్ద పెద్ద గుల్లలు ఏర్పడతాయి, చుట్టూ గట్టి పొర ఉంటుంది. దానికోసం నగరమంతా తిరగక్కర్లేదు. మా వీధి అయ్యంగార్ బేకరీ బ్రెడ్డు చాలు, కాకపోతే నిన్నటిది కావాలి. తాజాది బరువు పడగానే పిండి ముద్దలా అణిగిపోతుంది. ఒక రోజు గడిస్తే అందులోని పిండిపదార్థం మళ్లీ స్ఫటికాల్లా అమరి ముక్క గట్టిపడుతుంది, కాల్చేటప్పుడు 60 డిగ్రీలు దాటగానే తిరిగి మెత్తనవుతుంది. ఫ్రిజ్‌లో పెడితే ఈ గట్టిపడటం ఇంకా త్వరగా జరుగుతుంది. మెత్తటి బ్రెడ్డుకు మొదటి నిమిషం చిన్న పెనం బరువే పెట్టి, పైపొర కాస్త గట్టిపడ్డాక పొత్రం ఎక్కిస్తాను.

ఆకుల కోసం బాల్కనీ కుండీలో సబ్జా గింజలు చల్లాను. ఇటాలియన్ల బేసిల్ మన తులసి కాదు, సబ్జా మొక్క జాతే. మన రకం వాసన కొంచెం వేరుగా ఉంటుంది, నాకైతే బాగుంది.

దించాక పళ్లెంలో పెట్టకూడదు. అడుగు నుంచి వచ్చే ఆవిరికి దారి లేక అదే నీరై కరకరలాడే పొరలోకి ఇంకుతుంది. మూత తీసి వదిలేసిన అప్పడాలు మెత్తబడేదీ తేమతోనే. సముద్రగాలి తగిలే చెన్నైలో మా అక్కావాళ్లింట్లో ఈ తొందర ఇంకా ఎక్కువ. నేను జల్లెడ బోర్లించి దాని మీద పెడతాను. రెండు నిమిషాలు ఆగితే చీజు చిక్కబడుతుంది, కోసినప్పుడు కారదు. ఈలోగా మా అమ్మాయి పొత్రాన్ని గుడ్డతో తుడిచి, రెండో విడతకు బ్రెడ్డుకు నెయ్యి రాస్తుంటుంది.