బోర్డు మీద డాట్ ఈటీహెచ్ రాయిస్తే? పేర్లు, నంబర్ల మీద అపోహలు - వాస్తవాలు

అపోహ: డాట్ ఈటీహెచ్ లాంటి బ్లాక్‌చెయిన్ పేరు కొనుక్కుంటే, నెట్ పేర్ల వ్యవహారం చూసే సంస్థ ఐకాన్‌తో పనిలేదు.

కొనడానికి పనిలేదు, నిజమే. తెరవడానికే తంటా. ద్వారకానగర్‌లో ఒక షాపు బోర్డు మీద డాట్ ఈటీహెచ్ పేరు రాయించారనుకోండి. రోడ్డు మీద పోయేవాళ్లు దాన్ని ఫోన్‌లో కొడతారు. ఫోన్ నెట్ కంపెనీ రిజాల్వర్‌ని (పేరుకి నంబరు వెతికిపెట్టే సర్వర్‌ని) అడుగుతుంది, అది రూట్‌ని (డాట్ ఇన్, డాట్ కామ్ లాంటి చివరి భాగాల జాబితా ఉండే పై మెట్టుని) అడుగుతుంది. ‘అలాంటిది లేదు’ అని రూట్ జవాబు. ఆ ‘లేదు’ కూడా 86,400 సెకన్ల వరకు, అంటే ఒక రోజు, కాష్‌లో (రిజాల్వర్ దాచుకునే చోట) ఉండొచ్చు. పైగా ఆ పేరుకి మామూలు ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ (సైట్ అసలుదేనని బ్రౌజర్‌కి చూపేది) ఇవ్వరు, మెయిల్ చేరదు. సరదాకి కొనుక్కోండి, బోర్డు మీద మాత్రం డాట్ ఇన్ రాయించండి.

సొంత రూట్ పెట్టుకున్నవాళ్ల తిప్పలు కొత్తవేం కాదు. 2001లో ఐకాన్ డాట్ బిజ్ తెచ్చేసరికే ఒక ప్రత్యామ్నాయ రూట్‌లో అదే డాట్ బిజ్ నడుస్తోంది. ఒకే పేరు, ఎవరిని అడిగితే వాళ్ల జవాబు.

అపోహ: అమెరికాలో 13 రూట్ సర్వర్లు ఆపేస్తే మన నెట్ పోతుంది.

13 అనేది రూట్ సర్వర్ల పేర్ల లెక్క, మెషిన్ల లెక్క కాదు. నడిపేవి 12 సంస్థలు, సర్వర్లు ప్రపంచమంతా వెయ్యికి పైనే. రూట్‌లో డాట్ ఇన్ రికార్డు గడువు 1,72,800 సెకన్లు. అంటే ఒకసారి అడిగిన రిజాల్వర్ ఆ జవాబుని రెండు రోజులు దాచుకోగలదు. 2014 హుద్‌హుద్‌కి విశాఖలో నెట్ పోయింది కరెంటూ కేబుళ్లూ పోయి, రూట్ సర్వర్లు ఆగి కాదు.

అపోహ: నెట్‌లో ప్రతి మెషిన్‌కీ ఉండే నంబర్లకి (ఐపీ అడ్రస్‌లకి) ప్రత్యామ్నాయం లేదు.

మీ ఇంట్లోనే ఉంది: 192.168తో మొదలయ్యేవి ఎవరినీ అడగకుండా వాడుకోవచ్చు. గొడవ రెండు చోట్ల నెట్‌వర్కులని కలిపినప్పుడే. గాజువాక గోడౌన్‌లోనూ ఎంవీపీ కాలనీ ఆఫీసులోనూ 192.168.1.0/24 (192.168.1తో మొదలయ్యే 256 నంబర్ల గుంపు) ఉంటే, రెంటినీ నెట్ మీద కలిపే వీపీఎన్ కనెక్ట్ అయినట్టే చూపిస్తుంది, పింగ్ (అవతలి మెషిన్ పలుకుతుందా అని చూసే పరీక్ష) పోదు. గోడౌన్‌లోని 192.168.1.50 కావాలంటే ఆఫీసు కంప్యూటర్ ఆ ఆఫీసులోనే వెతుకుతుంది మరి. గోడౌన్‌ని 10.20.1.0/24కి మార్చండి. ముందు ప్రింటరు, కెమెరాల డీవీఆర్ (రికార్డు చేసే పెట్టె) లాంటి స్టాటిక్ ఐపీ (చేత్తో పెట్టిన మారని నంబరు) ఉన్నవి మార్చి, రూటర్ చివర్లో మార్చాలి. రూటర్ ముందు మారిస్తే డీవీఆర్ పాత నంబరులోనే ఉండిపోతుంది, ల్యాప్‌టాప్‌కి పాత ఐపీ చేత్తో ఇచ్చి దాన్ని వెతుక్కోవాలి.

అపోహ: నంబర్లు ఇచ్చేవాళ్లే దారీ చూపిస్తారు.

కాదు. నంబర్లు పంచే సంస్థలు, ఆసియా పసిఫిక్‌కి ఏపీనిక్, మన దేశంలో ఐరిన్, ఏ నంబరు ఎవరిదో రాసిపెడతాయి, అంతే. దారి చెప్పేది పక్క నెట్‌వర్కు, దాని మాట తప్పు కావచ్చు. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికాం యూట్యూబ్ నంబర్లలో ఒక /24ని తనదని ప్రకటిస్తే ట్రాఫిక్ అటు మళ్లింది. సొంత నంబర్ల బ్లాకు ఉన్న కేబుల్ ఆపరేటర్లు ఆర్ఓఏ (ఈ నంబర్లని ఏ నెట్‌వర్కు ప్రకటించొచ్చో చెప్పే సంతకం చేసిన పత్రం) పెట్టుకోవాలి. మీరు ప్రకటించేది /22 (నాలుగు /24ల బ్లాకు) అయితే మ్యాక్స్ లెంగ్త్ (ఎంత చిన్న ముక్క వరకు ప్రకటించొచ్చో చెప్పే హద్దు) కూడా 22 ఇవ్వండి. ‘ఎందుకైనా మంచిది’ అని 24 పెడితే, మీ ఏఎస్ నంబరు (మీ నెట్‌వర్కు గుర్తింపు సంఖ్య) వేసుకుని ఎవరైనా అందులో ఒక /24 ప్రకటించినా అది చెల్లుతుంది.