గట్టి పరుపే నడుముకు మంచిదా?

నడుము నొప్పి అని ఎవరితోనైనా అన్నామంటే మొదట వచ్చే సలహా ఇదే: "మెత్తటి పరుపు మానెయ్, గట్టిదాని మీద పడుకో." పరుపు కింద చెక్క పలక వేసుకోమని డాక్టర్లు కూడా చాలాకాలం చెప్పారు. ఇంతమంది ఇంత నమ్మకంగా చెప్పే మాటను స్పెయిన్‌లో కొందరు పరిశోధకులు పరీక్షకు పెట్టారు. ఫలితాలు 2003లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. దీర్ఘకాలంగా నడుము నొప్పితో బాధపడుతున్న 313 మందిని తీసుకున్నారు. ఎవరికి ఏ పరుపు వెళ్లాలో లాటరీ పద్ధతిలో తేల్చారు. కొందరికి గట్టి పరుపు, మిగతావాళ్లకు అంత గట్టిగానూ మెత్తగానూ లేని మధ్యరకం పరుపు ఇచ్చారు. తమకు వచ్చింది ఏ రకమో వాళ్లకు చెప్పలేదు. 90 రోజుల తర్వాత చూస్తే మధ్యరకం పరుపు వాడినవాళ్లే మెరుగ్గా ఉన్నారు. పడుకున్నప్పటి నొప్పి, లేచేటప్పటి నొప్పి, పగటి పనుల్లో ఇబ్బంది, మూడూ వాళ్లకే ఎక్కువగా తగ్గాయి.

ఆ తర్వాత 2008లో డెన్మార్క్ పరిశోధకులు 160 మంది నడుము నొప్పి రోగులతో ఇంకో పరీక్ష చేశారు. నీళ్ల పరుపు, ఒంటికి తగ్గట్టు ఒదిగే ఫోమ్ పరుపు, గట్టి పరుపు, ఈ మూడింటినీ పోల్చారు. గట్టి పరుపు మిగతా రెండింటికంటే కాస్త వెనకబడింది. తేడా పెద్దదేమీ కాదు. నేను ఈ రెండు పరీక్షల నుంచీ తీసుకునేది ఒక్కటే: ఫలానా పరుపు కొంటే నడుము నొప్పి పోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు కానీ, నొప్పి ఉందని బలవంతంగా గట్టి పలక మీద పడుకోవాల్సిన అవసరం మాత్రం లేదు.

కారణం మన ఒంటి ఆకారంలోనే ఉంది. వెన్నెముకను పక్క నుంచి చూస్తే మెడ దగ్గర లోపలికి, వీపు దగ్గర బయటికి, నడుము దగ్గర మళ్లీ లోపలికి వంగి ఉంటుంది. నిలబడినప్పుడు కండరాలు ఈ వంపులను కాపాడతాయి. నిద్రలో ఆ కండరాలు సడలిపోతాయి కాబట్టి ఆ పని పరుపు చెయ్యాలి. మరీ గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకుంటే భారమంతా భుజాలు, పిరుదులు, మడమల మీద పడి, నడుము వంపు కింద ఖాళీ మిగులుతుంది. మరీ మెత్తటి దాని మీద పిరుదులు బరువుకు లోపలికి దిగిపోయి వెన్ను ఉయ్యాలలా వంగుతుంది. పక్కకు తిరిగి పడుకునేవాళ్లకు తేడా ఇంకా బాగా తెలుస్తుంది. భుజం, తుంటి దిగడానికి పరుపు చోటివ్వాలి, నడుమును మాత్రం కిందనుంచి పట్టి ఉంచాలి. భుజానికి చోటివ్వని పరుపు మీద కాసేపటికే చెయ్యి తిమ్మిరెక్కుతుంది.

తిమ్మిరి దాకా రాకపోయినా ఒత్తిడి తన పని చేస్తూనే ఉంటుంది. చర్మంలోని అతి సన్నని రక్తనాళాల్లో పీడనం చాలా తక్కువ, పాదరసం కొలతలో సుమారు 30 మిల్లీమీటర్లు. ఎముక ఉబ్బెత్తుగా ఉన్నచోట పరుపు నుంచి వచ్చే ఒత్తిడి అంతకు మించి చాలాసేపు ఉంటే అక్కడ రక్తం సరిగా ఆడదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు నిద్రలోనే, తమకు తెలియకుండానే అటూ ఇటూ తిరుగుతారు. తిరగలేని రోగులకైతే కొన్ని గంటల్లోనే పుండు మొదలు కావచ్చు. వాళ్ల కోసమే నీల్ ఆర్నాట్ అనే స్కాట్లాండ్ వైద్యుడు 1832లో నీళ్లతో నిండిన పడక తయారు చేశాడు. ఒంటి బరువు ఒక్కచోట పడకుండా మొత్తం మీదకు పరచడమే ఆయన ఉద్దేశం. ఇవాళ్టి పరుపుల తయారీలోనూ సగం తపన దానికోసమే.

కాబట్టి రాత్రి చాలాసార్లు పక్కకు తిరగడం జబ్బేమీ కాదు, అది శరీరానికి కావాలి. ఒత్తిడి భరించలేక పదేపదే తిరగాల్సి రావడం, తిరగాలంటే గుంటలోంచి పైకి లేవాల్సి రావడం, ఈ రెండూ లేకుండా చూసుకుంటే చాలు. మెమరీ ఫోమ్ కొనేవాళ్లు రెండోదాన్ని తప్పక చూసుకోవాలి. ఒంటికి ఒదిగిన ఆ ఫోమ్ మళ్లీ మామూలు ఆకారానికి రావడానికి కాస్త సమయం తీసుకుంటుంది. వయసు పైబడినవాళ్లకు, కీళ్ల నొప్పులున్నవాళ్లకు అందులో తిరగడం కష్టంగా ఉండవచ్చు.

ఇక దుకాణంలో అందరూ చేసే పని, అరచేత్తో పరుపును నొక్కి చూడడం. దానివల్ల దాదాపు ఏమీ తెలియదు. "మీడియం", "ఫర్మ్" అని రాసి ఉండే మాటలను కూడా నేను అంతగా నమ్మను. ఒకే పరుపు మీద 45 కిలోల మనిషి, 95 కిలోల మనిషి పడుకుంటే మొదటివాళ్లు పైపొర మీదే తేలుతారు, రెండోవాళ్లు కింది పొరల దాకా దిగుతారు. ఒకరికి గట్టిగా అనిపించిన పరుపు ఇంకొకరికి మెత్తన. అంకెలదీ అదే కథ. స్పెయిన్ పరీక్షలో వాడిన ఐరోపా కొలతలో 1 అంటే అన్నిటికంటే గట్టిది, 10 అంటే అన్నిటికంటే మెత్తది. అందులో గట్టి పరుపు 2.3, మధ్యరకం 5.6. చాలామంది అమ్మకందార్లు వాడే కొలతలో దీనికి తిరగేసి 10 అంటే గట్టిది. మీకు నచ్చిన స్నేహితుల పరుపు పేరు రాసుకుని వెళ్లి అదే కొనుక్కోవడం కూడా అందుకే పనికిరాదు, మీ ఇద్దరి బరువూ, పడుకునే తీరూ ఒకటైతే తప్ప.

చెయ్యాల్సిన పరీక్ష చాలా సులువు. రోజూ ఎలా పడుకుంటారో ఆ భంగిమలోనే, మీ దిండుతోనే, పది పదిహేను నిమిషాలు పడుకోండి. పక్కకు పడుకునేవాళ్లయితే ఇంట్లోవాళ్లను వెనక నుంచి చూడమనండి. మెడ నుంచి నడుము చివరిదాకా వెన్ను ఇంచుమించు ఒకే గీతలో కనిపించాలి. వెల్లకిలా పడుకునేవాళ్లు నడుము కింద అరచెయ్యి పెట్టి చూడాలి. చెయ్యి అవతలికి ఊరికే దూరిపోతే అది మీకు గట్టి పరుపు. చెయ్యి పెట్టడానికే చోటు లేకుండా నడుము దిగిపోయి, తిరగడానికి కూడా ఇబ్బందిగా ఉంటే మెత్తన. బోర్లా పడుకునేవాళ్లకు మిగతావాళ్లకంటే కాస్త గట్టిదే నయం. లేకపోతే పొట్ట దిగిపోయి నడుము వెనక్కి విరిగినట్టు వంగుతుంది. దిండును మరిచిపోతే ఈ శ్రమంతా వృథా. పక్కకు పడుకున్నప్పుడు భుజం చివరి నుంచి మెడ దాకా ఉండే ఖాళీని దిండు నింపాలి. పరుపు మెత్తబడి భుజం ఎక్కువ దిగితే దిండు ఎత్తు తగ్గాలి. అందుకే కొత్త పరుపు మీద పాత దిండు ఒక్కోసారి మెడ నొప్పి తెస్తుంది.

లోపల ఏముందన్నది నా లెక్కలో ఆ తర్వాతి సంగతి. స్ప్రింగులు ఒకదానికొకటి కలిపి కట్టిన పరుపులో ఒకరు కదిలితే పక్కవాళ్లకూ తెలుస్తుంది. ప్రతి స్ప్రింగుకూ విడిగా గుడ్డ సంచి ఉండే పాకెట్ స్ప్రింగ్ పరుపులో ఆ కదలిక బాగా తగ్గుతుంది, గాలీ ఆడుతుంది. రబ్బరు లేటెక్స్ నొక్కిన వెంటనే పైకి లేస్తుంది, బరువుగా ఉంటుంది, మన్నుతుంది. ఫోమ్ పరుపు కొనేటప్పుడు తప్పకుండా అడగాల్సింది దాని సాంద్రత, అంటే ఘనపు మీటరుకు ఎన్ని కిలోలు అని. సాంద్రతకూ గట్టిదనానికీ సంబంధం లేదు. తక్కువ సాంద్రత ఫోమ్‌ను కూడా గట్టిగా తయారు చెయ్యవచ్చు, కాకపోతే అది తొందరగా గుంటలు పడుతుంది. మెమరీ ఫోమ్ 1966లో నాసా పరిశోధనల నుంచి పుట్టింది. విమానం సీట్లలో కూర్చున్నవాళ్లకు కుదుపుల నుంచి రక్షణ, సౌకర్యం ఇవ్వడం కోసం చార్లెస్ యోస్ట్ అనే ఇంజినీరు దాన్ని రూపొందించాడు. వేడికి మెత్తబడి, చలికి గట్టిపడడం దాని స్వభావం. చలిగా ఉండే గదిలో మొదట గట్టిగా తగిలి, ఒంటి వేడి సోకాక లొంగుతుంది.

వేడి గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే కొనేటప్పుడు దాని గురించి ఆలోచించేవాళ్లు తక్కువ. నిద్రలోకి జారుకోవాలంటే శరీరం లోపలి ఉష్ణోగ్రత తగ్గాలి. రాత్రి గడిచేలోపు అది దాదాపు ఒక డిగ్రీ సెల్సియస్ పడిపోతుంది. చేతులు, పాదాల్లోని రక్తనాళాలు వెడల్పై లోపలి వేడిని బయటికి వదిలేస్తాయి. పాదాలు వెచ్చబడినవాళ్లకు త్వరగా నిద్ర పడుతుందని 1999లో స్విట్జర్లాండ్ పరిశోధకులు నేచర్ పత్రికలో చూపించారు. ఇలా వదిలిన వేడికి ఒక దారి కావాలి. ఒళ్లు లోతుగా దిగిపోయే మందపాటి ఫోమ్ మన చుట్టూ గాలి ఆడకుండా చేస్తుంది. పైన వేసిన జెల్ పొర ముట్టుకుంటే చల్లగానే ఉంటుంది కానీ కాసేపటికి అదీ ఒంటి వేడికి చేరుకుంటుంది. రాత్రంతా చల్లదనం కావాలంటే గాలి ఆడే నిర్మాణం ఉండాలి. ఉక్కపోత ఉండే చోట్ల, రాత్రి ఒళ్లు చెమటలు పట్టేవాళ్లకు ఇది గట్టిదనమంత ముఖ్యం. పరుపు తడవకూడదని పైన ప్లాస్టిక్ కవరు వేస్తే అది వేడినీ తేమనూ కలిపి పట్టి ఉంచుతుంది. నీరు దిగకుండా ఆవిరి మాత్రం పోయేలా నేసిన కవర్లు వేరే దొరుకుతాయి.

చర్మం నుంచి, ఊపిరి నుంచి ఒక్కొక్కరం రాత్రికి సుమారు పావు లీటరు నీరు వదులుతాం. అందులో కొంత పరుపులోకి వెళ్తుంది. మంచం సంగతి ఇక్కడే వస్తుంది. కింద చెక్క పట్టీలుంటే పరుపు అడుగు ఆరుతుంది. పట్టీల మధ్య ఎడం 7 సెంటీమీటర్ల లోపు ఉంటేనే ఫోమ్ సందుల్లోకి జారకుండా ఉంటుంది. వెడల్పాటి మంచానికి మధ్యలో ఒక కోడు ఆధారంగా తప్పనిసరి. అది లేకపోతే ఎంత మంచి పరుపైనా నడిమధ్యన కుంగుతుంది. అంచున కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆని, మోకాళ్లు ఇంచుమించు సమకోణంలో ఉండే ఎత్తు లేవడానికి తేలిక. పొడవు అందరికంటే పొడుగైనవాళ్లకు 10, 15 సెంటీమీటర్లు మిగలాలి. వెడల్పు మీద మాత్రం పిసినారితనం వద్దు. 135 సెంటీమీటర్ల మంచం మీద ఇద్దరు పడుకుంటే మనిషికి 67 సెంటీమీటర్లే, అంటే ఇంచుమించు పసిపిల్లల మంచమంత.

కొన్న పరుపును మొదటి రాత్రే తీర్పు చెప్పేయకండి. కొత్త చోట మొదటి రాత్రి నిద్ర సరిగా పట్టదని నిద్ర పరిశోధకులు 1966 నాటికే గుర్తించారు. ఆ రాత్రి మెదడులో ఒక సగం రెండో సగమంత గాఢంగా నిద్రపోదని 2016లో మసాకో తమాకి, యుకా ససాకి బృందం చూపించింది. కొత్త పరుపు కొత్త చోటంత కాకపోయినా, ఒళ్లు అలవాటు పడడానికి కొంత వ్యవధి తీసుకుంటుంది. దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది. కొత్త వస్తువు అన్న సంబరంలో మొదటి వారం అంతా బాగానే అనిపిస్తుంది. అందుకే నెల రోజులు వాడి చూసి నచ్చకపోతే వెనక్కి ఇచ్చే వీలున్న చోట కొనడం మంచిది. అప్పటిదాకా పాతదాన్ని పారేయొద్దు. కొత్త ఫోమ్ వాసన గాలి ఆడే గదిలో కొన్ని రోజులకు పోతుంది.

పాత పరుపును ఎప్పుడు మార్చాలన్నదానికి ఖచ్చితమైన గడువు లేదు. గుంటలు పడినా, ఇంకెక్కడ పడుకున్నా మీ మంచం మీదకంటే బాగా నిద్ర పడుతున్నా మార్చే సమయం వచ్చినట్టే. పదేళ్లలో ధూళి పురుగులతో పరుపు బరువు రెట్టింపవుతుందని ప్రచారం చేస్తుంటారు, దానికి ఆధారం లేదు. పురుగులు మాత్రం నిజమే. అవి మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండవు, గాలిలోని తేమను పీల్చి బతుకుతాయి. వాటి విసర్జన వల్లే ఆస్తమా, తుమ్ములు ఎక్కువవుతాయి. అలర్జీ ఉన్నవాళ్లు దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకడం, గదిలో తేమ తగ్గించడం కొత్త పరుపు కొనడంకంటే ముందు చెయ్యాలి.

పసిపిల్లల విషయంలో పైన చెప్పిన మధ్యేమార్గం వర్తించదు. ఏడాది లోపు బిడ్డకు పరుపు గట్టిగా, సమంగా ఉండాలి. దిండు, మెత్తటి బొంత, బొమ్మలు ఉండకూడదు. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి. ముఖం మెత్తటి దాంట్లో కూరుకుపోతే బిడ్డ తనంతట తాను తల తిప్పుకోలేదు. ఇందులో ఎలాంటి సడలింపూ వద్దని గట్టిగా చెబుతాను.

పొద్దున లేవగానే నడుము కాస్త బిగుసుకున్నట్టుంటే తప్పంతా పరుపుదే అనుకోవద్దు. రాత్రి బరువు తగ్గడంతో వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. సాయంత్రంకంటే పొద్దున మనం ఒక సెంటీమీటరుకు పైనే పొడుగ్గా ఉండేది అందుకే. ఆ సమయంలో వంగి బరువులెత్తకుండా ఉంటే చాలామందికి బిగువు తనంతట తగ్గుతుంది. ఎటు తిరిగి పడుకున్నా తగ్గని నొప్పి, నొప్పితోపాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, కాలిలో బలహీనత ఉంటే వెళ్లాల్సింది డాక్టరు దగ్గరికి. గురక మధ్యలో ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్లు చెబితే కూడా అంతే. నెలల తరబడి నిద్ర పట్టనివాళ్లకు మొదట ఇవ్వాల్సిన చికిత్స నిద్రలేమికి ప్రత్యేకంగా రూపొందించిన ప్రవర్తన చికిత్సేనని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సిఫారసు చేసింది. టెన్షన్‌తో పక్క మీద మేలుకుని ఉండేవాళ్లు పరుపు మార్చే ముందు ఆ చికిత్స గురించి అడగడం మేలు.