నాలుగు గీతల ఎద్దు: అపోహలు - వాస్తవాలు

అపోహ: బొమ్మలో గీతలు తక్కువైతే పనీ తక్కువే.

వాస్తవం: స్పెయిన్ చిత్రకారుడు పికాసో వేసిన ఎద్దునే తీసుకోండి. పారిస్‌లో ముర్లో లితోగ్రఫీ (రాయి మీద బొమ్మ వేసి కాగితం మీద అచ్చు తీసే పద్ధతి) అచ్చుశాలలో 1945 డిసెంబరులో మొదలుపెట్టి, 1946 జనవరి దాకా ఒకే రాయి మీద 11 దశలుగా వేశాడు. మొదటిది కుంచెతో వేసిన మామూలు ఎద్దు. రెండో దశలో అది చిక్కిపోలేదు సరికదా, ఇంకా నల్లబడి బరువెక్కింది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆ రెండోదే. ఒంట్లో బరువు ఎక్కడుందో ముందు తేల్చుకున్నాడు. ఆ తర్వాతే గీకడం, కండల్ని విడదీయడం, తలను కుదించడం. చివరికి వెన్ను, పొట్ట, కాళ్లు, కొమ్ములు గీతలుగా మిగిలాయి. రాయి ఒకటే కాబట్టి గీకేసిన ఎద్దు మళ్లీ రాదు; మధ్యలో తీసిన ముద్రలే మనకు దక్కాయి. పదకొండోది చూసి "ఇంతేనా, నేనూ వేస్తాను" అనేవాళ్ల ముందు నేను ఆ పదకొండూ వరసగా పరుస్తాను.

అపోహ: 1949 పారిస్ శాంతి మహాసభ పోస్టరులోని పికాసో పావురం ఉత్త గీతలతో వేసిన రేఖాచిత్రం.

వాస్తవం: కాదు. కాళ్ల మీద కూడా ఈకలున్న తెల్ల పావురం అది, నల్లటి నేపథ్యం మీద సిరా ఛాయలతో వేసింది. రెమ్మ పట్టుకున్న గీతల పావురాలు తర్వాతివి.

అపోహ: గీతల బొమ్మను చెయ్యెత్తకుండా ఒకే గీతలో వేయాలి.

వాస్తవం: అదొక సరదా సాధన, అంతే. అమెరికన్ శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ న్యూయార్క్ జూలలో జంతువుల్ని చూస్తూ కుంచెతో, సిరాతో వేసిన బొమ్మలు 1926లో పుస్తకంగా వచ్చాయి. వాటిలో గీత లావవుతుంది, సన్నబడుతుంది. జంతువు కదలిక ఆ మార్పులోనే తెలుస్తుంది. ఒకే మందంతో సాగే గీతకు ఆ ఊపు రావడం కష్టం.

అపోహ: గొప్పవాళ్ల బొమ్మలు చూసి దించితే సరళత పట్టుబడుతుంది.

వాస్తవం: ఇక్కడే నాకు బాధ. ఒంగోలు గిత్తను వేయమంటే నా దగ్గర నేర్చుకునే పిల్లలు కొందరు మూపురం లేని స్పెయిన్ ఎద్దును వేసుకొస్తారు. పికాసో గీత అతను చూసిన ఎద్దుది. మన గిత్తకు కన్ను వదిలేసినా పర్వాలేదు, మూపురం, గంగడోలు వదిలితే గిత్తే కాదు. అందుకే వాళ్లను పశువుల కొట్టం దగ్గర కూర్చోబెడతాను. మొదటి రోజు బొమ్మ వద్దు. అది పడుకుని లేచేటప్పుడు ముందు ఏ కాళ్లు లేపుతుందో చూసి చెప్పమంటాను.