ఆటోఫీడర్ కొన్నాం కదా, ఇంకా మనుషులెందుకు అనేవాళ్లకి: రొయ్యల సాగులో అపోహలు - వాస్తవాలు

భీమవరం చుట్టుపక్కల వెనామీ రకం రొయ్యల చెరువులకి టెక్నీషియన్‌గా తిరుగుతుంటానండి, గట్ల మీద రోజూ వినేవే ఇవి.

అపోహ: కొత్త మెషీన్ పెడితే కొత్త పద్ధతి వచ్చేసినట్టే.

వాస్తవం: మెషీన్ డబ్బులిస్తే దొరుకుద్ది. ఓ రైతు ఆటోఫీడర్, అంటే టైమర్ ప్రకారం దానంతటదే మేత చల్లే మెషీన్, పెట్టించాడు, పెట్టినోళ్లు టైమర్ ఎలా సెట్ చేశారో అలాగే వదిలేశారు, ఆ పంటలో మేత ఖర్చు తగ్గకపోగా పెరిగింది. అక్కడ మేత చూసే కుర్రాడు చెక్ ట్రే (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూడ్డానికి నీళ్లలో పెట్టే పళ్లెం) పైకి లేపి చూపించాడండి, మేత మెత్తబడిపోయి అలాగే ఉంది. మబ్బు పట్టిన రోజు, మోల్టింగ్ (పెంకు విడవడం) ఎక్కువున్న రోజు రొయ్య సరిగ్గా తినదని ఆ అబ్బాయికి ఎప్పట్నుంచో తెలుసు, అడిగినోళ్లే లేరు. తర్వాత రోజూ ట్రే చూశాకే టైమర్ మార్చేవాళ్లు, మేత దారిలో పడింది. నా లెక్కలో ఇన్నోవేషన్ అంటే అదీ. సాగు ఖర్చులో సగానికి అటూఇటూ మేతే కదండీ, ఆ మేత చూసే మనిషికి పని నేర్పడం దండగ ఎలా అవుద్ది?

అపోహ: ఐడియాలు చదువుకున్నోళ్ల దగ్గరే ఉంటాయి.

వాస్తవం: ల్యాబ్ కావాలి, విబ్రియో అనే బాక్టీరియా చూడాలంటే దాన్ని ప్లేట్ మీద పెంచి చూడ్డం వచ్చినోళ్లే కావాలి, కాదనను. కానీ రాత్రంతా నీళ్లలో నాచు కూడా ఆక్సిజన్ పీల్చేసి తెల్లారుజామున డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోతుంది, ఆ టైంలో గట్టు మీద ఉండేది కాపలా మనిషే. డీఓ మీటర్ ఆయన చేతికిచ్చి చూడ్డం నేర్పితే ఊపిరాడక రొయ్య పైకి తేలేదాకా ఆగక్కర్లేదు, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ముందే వేస్తాడు.

1990ల మధ్యలో వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు‌తో టైగర్ రొయ్య కుదేలైంది, 2009లో వెనామీకి అనుమతొచ్చాక సీడ్ (రొయ్య పిల్లలు) దగ్గర్నుంచి ఏరేషన్ దాకా అన్నీ మళ్లీ నేర్చుకోవాల్సొచ్చింది. 1979లో నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త థియోడర్ షుల్ట్జ్ చెప్పిందీ ఇదేనండి, పరిస్థితి తలకిందులైనప్పుడు సర్దుకునే నేర్పు చదువుతో, అనుభవంతో వస్తుందని.

అపోహ: నేర్పిస్తే పక్క చెరువోళ్లు ఎగరేసుకుపోతారు.

వాస్తవం: ఇందులో కొంత నిజముంది. నేను రెండేళ్లు నేర్పిన కుర్రాడు వెళ్లిపోయాడు, చాలా బాధేసింది. గారీ బెకర్ అనే ఆర్థికవేత్త 1964లోనే నేర్పుని రెండుగా విడదీశాడు, ఎక్కడైనా పనికొచ్చేది ఒకటి, ఆ సంస్థలోనే విలువుండేది ఇంకోటి. మైక్రోస్కోప్ చూడ్డం మొదటిది. మన చెరువులో బురద ఏ మూల పేరుకుంటుంది, మన కాలవ నీళ్లలో ఉప్పు వేసవిలో ఎంత పెరుగుద్ది అన్నది రెండోది, అది పక్క ఊళ్లో అంతగా పనికిరాదు. కానీ దాని వల్ల మనకి మిగిలిన దాంట్లో ఆ మనిషికీ వాటా ఉండాలి. ఆ కుర్రాడు వెళ్లేటప్పుడు జీతం గురించి పెద్దగా మాట్లాడలేదండి, ట్రే చూసి నేను చెప్పింది ఎవరూ రాసుకోలేదు అన్నాడు. ఇప్పుడు నేను చూసే ప్రతి చెరువు షెడ్డులో ఓ నోట్‌బుక్ వేలాడుతుంటుంది, రాయడం రానోళ్లు వాయిస్ మెసేజ్ పెడతారు, సాయంత్రం కూర్చుని అందులో నేనే ఎక్కిస్తాను.