కడుపు నొప్పి ఒక్కటే చెప్పుకోగలిగిన పిల్లలు

ఆరో తరగతిలో నేను మొదట నేర్చుకున్న ఒడియా మాట 'పేట కాటుచి'. కడుపు నొప్పిగా ఉంది అని అర్థం. ఒడిశాలోని గజపతి జిల్లాలో ఒక మగపిల్లల బడి అది. ఇంట్లో తెలుగు, వీధిలో తెలుగు, గేటు దాటితే ఒడియా. మాలో చాలామందికి ఆ భాషలో చెప్పుకోవడం వచ్చిన బాధ అదొక్కటే. ఇంటి మీద బెంగ పెట్టుకున్నా, పెద్ద క్లాసు కుర్రాళ్లు 'తెలెంగా' అని ఏడిపించినా, సార్ దగ్గరికి వెళ్లి పేట కాటుచి అనేవాళ్లం.

నా పక్కన కూర్చునే కుర్రాడు ఒకసారి వరసగా మూడు రోజులు అదే చెప్పాడు. సార్ నుదుటి మీద చెయ్యి వేసి చూశారు. జ్వరం లేదని బెంచీకి పంపేశారు. మంచి మనిషే, విసుక్కోలేదు కూడా. నాలుగో రోజు నుంచి వాడు బడికి రాలేదు. ఎవరో రోజూ వాడి డబ్బులు లాక్కుంటున్నారని వాళ్లమ్మకు తెలిసేసరికి పరీక్షలైపోయాయి. "ముందే చెప్పొచ్చు కదరా" అని ఆవిడ అడిగితే, "సార్‌కి చెప్పేనమ్మా" అన్నాడట.

ఈ పరిస్థితి ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలంటే 1936 ఏప్రిల్ 1కి వెళ్లాలి. ఆ రోజు ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది. ఇప్పుడు మా గజపతి జిల్లా కేంద్రమైన పర్లాకిమిడి అంతవరకూ మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలో ఉండేది. రాష్ట్రం కోసం గట్టిగా పాటుపడిన మహారాజా కృష్ణచంద్ర గజపతి సంస్థానమే రెండు ముక్కలైంది. పట్టణం, కొంత ప్రాంతం ఒడిశాకు వెళ్లాయి, మిగతాది మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. కూతవేటు దూరంలోని పాతపట్నం ఇప్పుడు ఆంధ్రలో ఉంది. చుట్టరికాలు, సంతలు, పెళ్లిళ్లు ఎప్పటిలాగే రెండువైపులా సాగాయి. బడి మాత్రం అలా సాగలేదు. హద్దుకు ఇవతల పుట్టినవాడికి తెలుగు, అవతల పుట్టినవాడికి ఒడియా. ఆంధ్ర వైపు ఉండిపోయిన ఒడియా పిల్లలకూ ఇదే కష్టం తిరగేసి వచ్చింది, అది మనం మరిచిపోకూడదు.

బాధాకరం ఏమిటంటే, పిల్లవాడి భాషలో మాట్లాడితే తప్ప వాడు మనవాడు కాడని ముందుగా గ్రహించింది ఈ ఊరి మాస్టారే. గిడుగు రామమూర్తి 1880లో పర్లాకిమిడి రాజావారి బడికి ఉపాధ్యాయుడిగా వచ్చారు. చుట్టుపక్కల కొండల్లోని సవర గిరిజనుల మాట తనకు తెలియలేదని, రెండు భాషలూ వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. సవరలో పాఠపుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు నడిపారు. వ్యవహారిక భాషోద్యమం గురించి మనకు ఎక్కువ తెలుసు, ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. నాకైతే ఆ సవర బడులే ఇంకా పెద్ద పని అనిపిస్తుంది. పర్లాకిమిడిని ఒడిశాలో కలపడాన్ని వ్యతిరేకించి, చివరికి ఆయన ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. 1940లో కన్నుమూశారు.

చట్టాలు లేక కాదు. భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడిన 1956లోనే రాజ్యాంగంలో 350ఎ అధికరణ చేరింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు చేయాలని అది అంటుంది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. అదే చట్టం 29వ సెక్షన్‌లో పక్కపక్కనే రెండు మాటలున్నాయి. ఒకటి, వీలైనంతవరకు బోధన మాతృభాషలో ఉండాలి. దాని వెంటనే, పిల్లలు భయం, ఆందోళన లేకుండా ఉండాలి, మనసులో మాట స్వేచ్ఛగా చెప్పగలగాలి. చట్టం రాసినవాళ్లు ఈ రెంటినీ ఇరుగుపొరుగున పెట్టారు. సరిహద్దు బడుల్లో మాత్రం మొదటిది సిలబస్ సంగతిగా, రెండోది క్రమశిక్షణ సంగతిగా విడిపోయాయి. ఒడిశా ప్రభుత్వం 2006–07 నుంచి సవరతో సహా పది గిరిజన భాషల్లో చిన్న తరగతులకు బోధన మొదలుపెట్టింది. మంచి పని. అయితే పిల్లవాడు నోరు మూసుకోవడం మొదలుపెట్టేది హైస్కూల్లో, హాస్టల్లో. సవర కుర్రాడికైతే బడిలో ఒడియా, బజారులో తెలుగు, రెండూ పరాయివే.

దీనికి తోడు మగపిల్లవాడన్న బరువు ఒకటి. "మగపిల్లాడివి, ఏడుపేటిరా" అనే మాట మా ఇళ్లలో ప్రేమగానే అంటారు. కానీ పన్నెండేళ్ల వాడు దాన్ని ఆజ్ఞలా తీసుకుంటాడు. పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే 2012 పోక్సో చట్టం మగపిల్లలకూ రక్షణ ఇస్తుంది. కౌమార వయసు పిల్లల ఆరోగ్యం కోసం 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం 10 నుంచి 19 ఏళ్ల అబ్బాయిలకూ వర్తిస్తుంది. మా కాలంలో మాత్రం ఒంట్లో వచ్చే మార్పుల గురించి గానీ, టెన్షన్ గురించి గానీ మగపిల్లలతో కూర్చుని మాట్లాడిన పెద్దవాళ్లు లేరు.

దేశంలో 2022లో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. విశాఖలో ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక కౌన్సెలర్ ఉండాలి. హాస్టళ్లలో, తరగతి గదుల్లో హెల్ప్‌లైన్ నంబర్లు పెద్ద అక్షరాలతో కనపడాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416లో ఒడియాలోనూ తెలుగులోనూ మాట్లాడవచ్చు. కానీ చేతిలో ఫోన్ లేని హాస్టల్ కుర్రాడికి ముందు ఎదురుగా ఒక మనిషి కావాలి.

ఆ కౌన్సెలర్ ఒడియా మాత్రమే వచ్చినవారైతే గజపతి, రాయగడ జిల్లాల్లో సగం కథ మళ్లీ కడుపు నొప్పి దగ్గరే ఆగిపోతుంది. పోస్టుకు ప్రకటన వేసేటప్పుడు 'తెలుగు గానీ సవర గానీ మాట్లాడగలిగి ఉండాలి' అనే షరతు చేర్చమని బడి కమిటీలు ఇప్పుడే అడగాలి. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని విద్యాహక్కు చట్టమే చెబుతోంది కాబట్టి, అడగాల్సింది మనమే.